పాలిచ్చే తల్లి బైబిల్ చదువుకోవడం, విశ్రాంతి పొందడం ఎలా?

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి ఒక బైబిల్ వచనం రాసిన వాగ్దాన కార్డు చేతికి వచ్చినప్పుడు చాలామంది ఆడపిల్లలు మనసులో ఒక తీర్మానం చేసుకుంటారు. ఈ ఏడాది బైబిల్ మొత్తం చదవాలి అని. లెక్క చూస్తే తేలికగానే ఉంటుంది. 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో పూర్తవుతుంది. ఆదికాండంలో 50, నిర్గమకాండంలో 40 అయ్యేసరికి జనవరి నెలాఖరు వస్తుంది, లేవీయకాండం మొదలవుతుంది. ఒళ్లో చంటిబిడ్డ ఉన్న తల్లి చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. ఆగిపోయాక బైబిల్ చూస్తేనే ఏదో తప్పు చేసినట్టు అనిపిస్తుంది. అలా అనిపిస్తుందని పుస్తకం తెరవడమే మానేస్తుంది.

ఇది ఆ తల్లి కోసం రాస్తున్నాను. మీరు శ్రీకాకుళం టౌన్లో ఉండొచ్చు, ఆమదాలవలసలోనో టెక్కలిలోనో ఉండొచ్చు, ఉద్దానంలో ఒక పల్లెలో ఉండొచ్చు. మీ ఆయన పైడిభీమవరంలో షిఫ్టులకు వెళ్తుండొచ్చు, లేదా చెన్నైలో, హైదరాబాద్‌లో పనిచేస్తూ పండగలకు మాత్రమే వస్తుండొచ్చు. పురుడు పోసుకుని పుట్టింటి నుంచి అత్తారింటికి తిరిగొచ్చిన ఆ మొదటి నెలల్లో చదువు ఎలా నిలబెట్టుకోవాలో, దానిలో నుంచి విశ్రాంతి ఎలా పొందాలో చెబుతాను.

నేను చెప్పేదంతా యెషయా 40:11 మీద ఆధారపడింది. కాపరి తన మందను ఎలా మేపుతాడో చెబుతూ అక్కడ ఒక మాట ఉంది: "పాలిచ్చువాటిని ఆయన మెల్లగా నడిపించును." మందలో అన్నీ ఒకే వేగంతో నడవవని కాపరికి తెలుసు. పాలిచ్చేవాటికి ఆయనే వేగం తగ్గిస్తాడు. అందుకని మీ చదువు వేగం ఇప్పుడు మీ బిడ్డను బట్టి ఉండాలి, చార్టును బట్టి కాదు.

మొదటి పని: పాత బాకీ కొట్టేయడం

ఇన్ని అధ్యాయాలు వెనకబడ్డాను అనే లెక్క ఈరోజుతో మూసేయండి. టిక్కులు పెట్టుకునే కాగితం గోడ మీద ఉంటే తీసి బీరువాలో పెట్టండి. సంఘంలో నలుగురి ముందు తీర్మానం చెప్పి ఉంటే మాత్రం ఊరుకోకండి, లోపల పీకుతూనే ఉంటుంది. పాస్టరమ్మగారిని పక్కకు పిలిచి, "అమ్మగారూ, పాప కొంచెం పెద్దదయ్యేదాకా నేను కొద్దికొద్దిగా చదువుకుంటాను, ఏడాది లెక్క ఇప్పుడు నావల్ల కాదు" అని చెప్పేయండి. పిల్లల్ని పెంచిన మనిషికి అది అర్థమవుతుంది.

అధ్యాయాల లెక్క దేవుడిచ్చిన ఆజ్ఞ కాదు. బైబిల్‌ను ఇప్పుడు మనకున్న అధ్యాయాలుగా విడదీసింది 13వ శతాబ్దంలో. కొత్త నిబంధనకు ఈ వచనాల అంకెలు వేసింది 1551లో. అంతకుముందు వెయ్యేళ్లకు పైగా విశ్వాసులు ఈ అంకెలు లేకుండానే బతికారు. చాలామంది దగ్గర సొంత పుస్తకమే లేదు. సంఘంలో ఒకరు చదివితే మిగతావాళ్లు విన్నారు. ప్రకటన గ్రంథం మొదట్లోనే చదివేవాడితోపాటు విని గైకొనేవాళ్లు కూడా ధన్యులని ఉంది. మన జిల్లాల్లో కెనడియన్ బాప్టిస్టు మిషన్ పని జరిగిన కాలంలో బైబిల్ స్త్రీలని ఉండేవారు. ఇల్లిల్లూ తిరిగి, చదువురాని ఆడవాళ్ల పక్కన కూర్చుని వాక్యం చదివి వినిపించేవారు. ఆ విన్నవాళ్ల విశ్వాసమే ఈరోజు మన సంఘాల్లో ఎన్నో కుటుంబాల్లో ఉంది. కాబట్టి మీరు వినడం కూడా చదువు కిందకే వస్తుంది. దాన్ని తక్కువగా చూడకండి.

రెండో పని: నిద్ర, తిండి, ఆ తర్వాతే పుస్తకం

ఇది చాలామంది ఒప్పుకోరు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రార్థన చేయాలని, అదే భక్తి అని మనకు చిన్నప్పటినుంచీ చెప్పారు. వేకువ ప్రార్థన మంచిదే. యేసు ప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థన చేశాడని మార్కు మొదటి అధ్యాయంలో ఉంది. అదే మార్కు నాలుగో అధ్యాయంలో, తుఫాను వీస్తుంటే ఆయన దోనెలో తలగడ మీద నిద్రపోతున్నాడని కూడా ఉంది. మొదటిది చెప్పే బోధకులు రెండోదీ చెప్పాలని నా కోరిక. రాత్రి బిడ్డ పదేపదే లేచిన తల్లి నాలుగింటికి లేవకపోతే దేవుడేమీ అనుకోడు. 127వ కీర్తన అయితే నేరుగానే చెబుతోంది: వేకువనే లేచి, బాగా రాత్రయ్యాక పడుకుని, కష్టపడి తినడం వ్యర్థం, తన ప్రియులు నిద్రపోతుండగానే ఆయన వారికి ఇస్తున్నాడు అని.

ఏలీయా సంగతి మొదటి రాజులు 19లో ఉంది. అలసిపోయి, భయపడి, అరణ్యంలో ఒక చెట్టు కింద కూర్చుని "నా ప్రాణం తీసుకో" అని అడిగాడు. దేవదూత వచ్చి ఏం చేశాడో చూడండి. మందలించలేదు, వాక్యం చెప్పలేదు. లేచి తినమన్నాడు. రొట్టె, నీళ్లు పెట్టాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి తట్టి లేపి మళ్లీ తినమన్నాడు. దేవుడు ఆయనతో మాట్లాడింది ఆ తర్వాత హోరేబు కొండ దగ్గర. ఈ వరస మీరూ పాటించండి.

అంటే ఏం చేయాలి? పగలు బిడ్డ మొదటిసారి నిద్రపోయినప్పుడు మీరూ పక్కన పడుకోండి. గిన్నెలు ఉంటాయి, ఉండనివ్వండి. పాలివ్వడానికి కూర్చునేముందు చెంబు నీళ్లు పక్కన పెట్టుకోండి. పొద్దున్నే చోడి అంబలి ఒక గ్లాసు తాగండి, కడుపు ఖాళీగా ఉంటే వాక్యం ఎక్కదు. మధ్యాహ్నం అందరి తర్వాత ఆఖర్న మిగిలింది తినే అలవాటు ఇంట్లో ఉంటే, పాలిచ్చినన్నాళ్లయినా దాన్ని పక్కన పెట్టమని పెద్దవాళ్లను అడగండి. ఇవన్నీ ఆత్మీయ విషయాలు కావని ఎవరైనా అంటే ఏలీయా అధ్యాయం చూపించండి.

మూడో పని: ఒక్క పాలవేళను ఎంచుకోవడం

పసిబిడ్డ మొదటి నెలల్లో రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు తాగుతుంది. వాటిలో ఒక్కదాన్ని చదువు కోసం ఉంచుకోండి. ఒక్కటే చాలు. ఇంట్లో మగవాళ్లు పనులకు, పెద్దవాళ్లు పొలానికి వెళ్లిపోయాక, పది పదకొండు గంటల మధ్య ఉండే వేళ బాగుంటుంది. మీ ఇంట్లో ప్రశాంతమైన వేళ ఏదో మీకే తెలుస్తుంది, దాన్ని పట్టుకోండి.

పుస్తకం మీరు కూర్చునే చోటే ఉండాలి. బిడ్డను ఎత్తుకున్నాక బీరువా దగ్గరికి వెళ్లి తెచ్చుకోవడం జరిగే పని కాదు. పెద్ద బైబిల్ ఒంటిచేత్తో పట్టుకోలేరు. కొత్త నిబంధన, కీర్తనలు, సామెతలు కలిపిన చిన్న పుస్తకం దొరుకుతుంది. గిడియన్లు పంచేది అలాంటిదే, చాలా ఇళ్లలో ఎక్కడో పడి ఉంటుంది. దాన్ని వెతికి తీసి దిండు పక్కన పెట్టండి. అక్షరాలు మరీ చిన్నవైతే ఒక్కో సువార్త విడిగా అచ్చేసిన పల్చటి పుస్తకాలు సంఘంలో అడగండి.

రాత్రి పాలవేళ చదవొద్దని నా సలహా. లైటు వేస్తే బిడ్డ పూర్తిగా మేలుకుంటుంది, మీ నిద్ర కూడా పోతుంది. కునికిపాటులో ఫోన్ జారి బిడ్డ మీద పడే ప్రమాదం కూడా ఉంది. రాత్రికి నోటికి వచ్చిన ఒక్క వాక్యం ఉంచుకోండి. 121వ కీర్తనలోది నాకు చాలా ఇష్టం: "ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు." ఇంటిల్లిపాదీ నిద్రలో ఉండి, మీరొక్కరే మేలుకుని కూర్చున్నప్పుడు ఆ మాట మెల్లగా అనుకోండి. మీతోపాటు మేలుకున్నవాడు ఒకడున్నాడు. బిడ్డ పడుకోగానే ఇల్లు చూసుకోవడం ఆయనకు వదిలేసి మీరూ పడుకోవచ్చు.

నాలుగో పని: ఏది చదవాలో తేల్చుకోవడం

మార్కు సువార్తతో మొదలుపెట్టండి. నాలుగు సువార్తల్లో అన్నిటికన్నా చిన్నది, 16 అధ్యాయాలు. కథ ఆగకుండా నడుస్తుంది, మధ్యలో బిడ్డ ఏడ్చినా మళ్లీ అందుకోవచ్చు. మనకు దానితో పాత చుట్టరికం కూడా ఉంది. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు అక్కడ కూర్చుని సువార్తల్ని తెలుగులోకి తెచ్చారు. మత్తయి, మార్కు, లూకా 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అచ్చులో వచ్చిన తొలి తెలుగు సువార్తల్లో మార్కు ఒకటి, అదీ మన పక్క ఊరి నుంచి. ఇది తెలిసినప్పటినుంచి ఆ పుస్తకం తెరిస్తే నాకు మన సముద్రపు గాలి తగిలినట్టే ఉంటుంది.

రోజుకు ఒక అధ్యాయం అనుకోకండి. ఒక సంఘటన చాలు. పక్షవాయువు గలవాడి కథ ఒక రోజు, విత్తువాడి ఉపమానం ఒక రోజు. ఆరో అధ్యాయం దగ్గర మాత్రం ఆగి నిదానంగా చదవండి. శిష్యులకు అన్నం తినడానికి కూడా తీరిక లేకపోయింది. ప్రభువు వాళ్లను చూసి, ఏకాంతంగా వచ్చి కొంచెంసేపు అలసట తీర్చుకోండి అన్నాడు. దోనె ఎక్కి వెళ్లేసరికి జనం వాళ్లకంటే ముందే అక్కడ ఉన్నారు. విశ్రాంతి తీసుకుందామని ఒరిగిన నిమిషంలోనే బిడ్డ లేవడం మీకు తెలుసు, ఇది అచ్చంగా అదే. ఆయన ఆ జనం మీద జాలిపడ్డాడు, బోధించాడు, ఐదువేలమందికి పెట్టాడు. అప్పుడు శిష్యుల్ని పంపేసి, జనాన్ని సాగనంపి, కొండెక్కి ప్రార్థన చేసుకున్నాడు. పోయిన విశ్రాంతిని ఆయన మర్చిపోలేదు, ఆ రోజే ఇంకో వేళకు జరుపుకున్నాడు. పదకొండింటికి కుదరకపోతే సాయంత్రం కుదురుతుందేమో చూడటం అక్కడ నేర్చుకోవచ్చు.

మార్కు అయ్యాక యాత్ర కీర్తనలు చదవండి. 120 నుంచి 134 వరకు పదిహేను ఉన్నాయి. అన్నీ చిన్నవే, ఒక్క 132 కొంచెం పెద్దది. వీటిలో 131వ కీర్తనకు ఒక వారం ఇవ్వండి. మూడే వచనాలు. పాలు విడిచిన పిల్ల తల్లి దగ్గర ఉన్నట్టు నా ప్రాణాన్ని నిమ్మళపరచుకున్నాను అని దావీదు అంటాడు. పాలు తాగే పిల్ల తల్లి ఒళ్లోకి రాగానే వెతుక్కుంటుంది, తడుముతుంది, ఆలస్యమైతే ఏడుస్తుంది. పాలు మానిన పిల్ల కూడా వచ్చి ఒళ్లో కూర్చుంటుంది, కానీ దానికి ఏమీ అక్కర్లేదు. అమ్మ ఉంటే చాలు. ఈ తేడా పండితులు పుస్తకాల్లో వెతుక్కోవాలి, మీకు ఒళ్లోనే తెలుస్తుంది. మనం ప్రార్థనకు వెళ్లేది చాలాసార్లు పాలు తాగే పిల్లలాగే. ఉద్యోగం కావాలి, అప్పు తీరాలి, జ్వరం తగ్గాలి. అడగడం తప్పేమీ కాదు. దావీదు చెబుతున్నది ఇంకొక కూర్చోవడం గురించి, అడగాల్సింది ఏమీ లేకుండా దేవుని దగ్గర ఊరికే ఉండటం గురించి. విశ్వాసం ఇచ్చే విశ్రాంతి నాకు తెలిసినంతలో ఇదే.

ఆ వారం ఇలా చేయండి. సోమవారం మూడు వచనాలూ పైకి చదవండి, బిడ్డకు వినపడేలా. మంగళవారం మొదటి వచనమే చదివి, నాకు అందని ఏ పెద్ద విషయాల గురించి నేను బుర్ర పాడుచేసుకుంటున్నాను అని మిమ్మల్ని మీరే అడగండి. బిడ్డ చదువు, ఆడపిల్ల పెళ్లి, పదేళ్ల తర్వాతి అప్పులు, ఇలాంటివి బయటపడతాయి. బుధ, గురువారాలు రెండో వచనం. బట్టలు ఉతికేటప్పుడు, చారు తిరగమోత వేసేటప్పుడు గుర్తు చేసుకోండి. శుక్రవారం బిడ్డ కడుపునిండా తాగి నిద్రపోయాక వెంటనే పడుకోబెట్టకుండా ఒక ఐదు నిమిషాలు అలాగే ఎత్తుకుని కూర్చోండి, ఏమీ అడగకండి, ప్రార్థన మాటలు కూడా వద్దు. శనివారం మూడో వచనం చదివి ఎవరికైనా చెప్పండి. ఆదివారం సంఘంలో ఏది చదివితే అదే.

ఆ తర్వాత రూతు చదవండి, నాలుగే అధ్యాయాలు, అత్తాకోడళ్ల కథ. తర్వాత ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, అదీ నాలుగే. లేవీయకాండం కూడా దేవుని వాక్యమే, దానికి వేరే కాలం వస్తుంది.

పాత తెలుగు అనువాదం కష్టంగా ఉంటే సులభమైన తెలుగు అనువాదాలు ఉన్నాయి, అర్థం కోసం అవి చూసుకోండి. కంఠతా పట్టేది మాత్రం సంఘంలో చదివే అనువాదంలోనే పట్టండి. అది నలుగురి నోట విని విని తొందరగా నిలుస్తుంది.

ఫోన్ విషయం

యూవెర్షన్ లాంటి బైబిల్ యాప్‌లలో తెలుగు అనువాదాలు ఉచితంగా ఉన్నాయి, ఆడియో కూడా ఉంది. చేతులు ఖాళీ లేని తల్లికి ఇది పెద్ద సాయం. ఆడియో పెట్టేముందు ఫోన్ సైలెంట్‌లో పెట్టి, నోటిఫికేషన్లు ఆపేయండి. వాట్సాప్ ఒక్కసారి తెరిచారంటే ఆ పావుగంట పోయినట్టే.

ఒకటి గట్టిగా చెబుతాను. "ఈరోజు దేవుడు నీతో మాట్లాడుతున్నాడు, ఇది స్కిప్ చేస్తే ఆశీర్వాదం పోతుంది" అనే చిన్న చిన్న వీడియోలు చూడకండి. బాలింత మనసు అసలే సున్నితంగా ఉంటుంది, అవి భయాన్ని నూరిపోస్తాయి. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి, నేను మీకు విశ్రాంతి కలుగజేతును" అన్నవాడు అలా బెదిరించడు.

అచ్చు పుస్తకం మాత్రం వదలొద్దు. మనది తుఫాన్ల తీరం. 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లకు ఛార్జింగ్ లేదు. అక్టోబర్, నవంబర్ నెలల్లో చిన్న బైబిల్‌ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బిడ్డ బట్టలు, మందుల సంచితోపాటు అందుబాటులో పెట్టుకోండి.

ఇంట్లోవాళ్లను కలుపుకోవడం

పావుగంట కావాలని అడగడానికి కొత్త కోడలికి నోరు రాదు. నేను చూసినంతలో బాగా పనిచేసిన మార్గం, అడిగేటప్పుడే ఏదైనా ఇవ్వడం. "అత్తమ్మా, పాపను ఒక పావుగంట ఎత్తుకోండి, ఈ కీర్తన మీకు చదివి వినిపిస్తాను" అనండి. కళ్లజోడు లేకనో చదువు రాకనో బైబిల్ చదవలేని అత్తలు మన ఊళ్లలో ఎంతోమంది ఉన్నారు. మనవరాలు ఒళ్లో, వాక్యం చెవిలో. ఆవిడ కాదనరు. కొన్నాళ్లకు ఆవిడే "ఈవాళ చదవవా?" అని అడుగుతారు. చదవడం మీ ఒక్కరి వంతు కాకుండా పోతుంది.

భర్త దూరంగా ఉంటే రాత్రి ఫోన్ కాల్లో ఆయన్ని చదవమనండి, మీరు వినండి. మూడు వచనాలు చాలు. డబ్బు, బిడ్డ జ్వరం, ఇంటి గొడవలు మాట్లాడాక చివర్లో కాకుండా మొదట్లోనే చదివించుకోండి, చివరికి వచ్చేసరికి ఆయన అలసిపోతాడు.

ఇంట్లో మీరొక్కరే విశ్వాసి అయితే పరిస్థితి వేరు. పుస్తకం దాచుకుని చదవాల్సి రావచ్చు. అలాంటప్పుడు పోట్లాట పెట్టుకోకండి. కంఠతా వచ్చిన కీర్తనలు ఎవరూ తీసుకోలేరు, జోలపాటగా పాడుకున్నా ఎవరూ కాదనరు. సంఘంలో నమ్మకమైన ఒక అక్కకు మాత్రం మీ పరిస్థితి తెలిసి ఉండాలి.

ఆదివారాన్ని విశ్రాంతి రోజుగా చేసుకోవడం

క్రైస్తవుల ఇళ్లలో ఆదివారం ఎవరికి సెలవో ఒకసారి చూడండి. పొద్దున్నే అందరికీ ఇస్త్రీ బట్టలు, టిఫిన్లు, పిల్లల తలస్నానాలు. పరుగున ఆరాధన. తిరిగి రాగానే కోడి కూర, ఒక్కోసారి పాస్టరుగారి కుటుంబం కూడా భోజనానికి. మూడు దాటాక గిన్నెల కుప్ప. వారంలో ఆడవాళ్లకు అన్నిటికన్నా బరువైన రోజు అదే అవుతోంది. నిర్గమకాండం 20లో విశ్రాంతి దినపు ఆజ్ఞ చదివితే కొడుకు, కూతురు, దాసుడు, దాసి, చివరికి పశువు కూడా పని చేయకూడదని పేరుపేరునా ఉంది. పశువుకు ఇచ్చింది వంట చేసే తల్లికి ఇవ్వకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

అరణ్యంలో ఇశ్రాయేలీయులకు ఆహారంగా ఇచ్చిన మన్నా విషయంలో దేవుడే దారి చూపించాడు. ఆరో రోజున రెండు రోజులకు సరిపడా కూర్చుకోమన్నాడు, ఏడో రోజు బయటికి వెళ్లొద్దన్నాడు. మీరూ శనివారమే ఇడ్లీ పిండి రుబ్బి పెట్టండి, మసాలా నూరుకోండి, బట్టలు తీసి ఉంచండి. కోడి కూర శనివారం రాత్రికి జరపండి, లేకపోతే ఆదివారం ఆయన్నే కడిగి కోసి వండమనండి. చాలామంది మగవాళ్లు వండగలరు, అడిగేవాళ్లు లేక ఊరుకుంటారు. ఆదివారం మధ్యాహ్నం పప్పుచారు, ఆమ్లెట్‌తో సరిపెట్టుకున్నా ఎవరికీ ఏం కాదు. ఆ మిగిలిన రెండు గంటలూ పడుకోండి.

ఆరాధనలో బిడ్డ ఏడుస్తుంటే చివర్న, తలుపు దగ్గర కూర్చోండి. ప్రసంగం సగం వినపడదు. ఫరవాలేదు, మూలవాక్యం ఎక్కడిదో రాసుకుని రండి, సోమవారం పాలవేళ అదే చదవండి. స్త్రీల కూడికలో పెద్దవాళ్లకు నాదొక మనవి: బిడ్డ ఏడ్చినప్పుడు తల్లివైపు తిరిగి చూడటం మానేసి, ఒకరు లేచి వెళ్లి ఆ బిడ్డను ఎత్తుకోండి.

కథల పుస్తకాలు చదవొచ్చా?

చదవండి. పెళ్లికి ముందు నవలలు, వారపత్రికలు వదలకుండా చదివిన అమ్మాయిలు బాప్తిస్మం తర్వాతనో, బిడ్డ పుట్టాకనో అవన్నీ వదిలేయాలనుకుంటారు. పౌలు ఏథెన్సులో మాట్లాడుతూ "మీ కవీశ్వరులలో కొందరు" అని అక్కడి కవుల మాట ఎత్తి చెప్పాడు, అపొస్తలుల కార్యములు 17లో ఉంది. చదవకుండా చెప్పగలిగే మాట కాదది. మంచి కథ ఇంకొకరి బాధలోకి తీసుకెళ్తుంది, మన బాధను కాసేపు దించుతుంది.

చంటిబిడ్డ తల్లికి నవల కన్నా కథ సరిపోతుంది, ఒక కునుకులో అయిపోతుంది. శ్రీకాకుళంలో ఉండేవాళ్లకు కథల కోసం దూరం వెళ్లక్కర్లేదు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం టౌన్లోనే ఉంది, తెలుగు కథల కోసమే కట్టిన ఇల్లు. వాళ్ల వెబ్‌సైట్‌లో చాలా కథలు ఫోన్లోనే చదువుకోవచ్చు. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ జిల్లా కేంద్ర గ్రంథాలయాలు ఉన్నాయి, చాలా మండలాల్లో శాఖా గ్రంథాలయాలు ఉన్నాయి. సభ్యత్వం తీసుకుంటే పుస్తకం ఇంటికి తెచ్చుకోవచ్చు. మీరు వెళ్లలేకపోతే మరిదినో ఆడపడుచునో పంపండి.

చదివినా ఏమీ అనిపించకపోతే

వాక్యం మీద మనసు నిలవని రోజులు వస్తాయి, పోతాయి. వాటికి కంగారు వద్దు. కాన్పు అయిన మొదటి వారం, పది రోజుల్లో కారణం లేకుండా ఏడుపు రావడం కూడా చాలామందికి ఉంటుంది, దానంతటదే తగ్గుతుంది.

రెండు వారాలు దాటినా రోజంతా దిగులుగా ఉండటం, బిడ్డ పడుకున్నా మీకు నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, బిడ్డను ఎత్తుకోవాలనిపించకపోవడం, నేను లేకపోతేనే అందరికీ మంచిదనిపించడం ఉంటే అది జబ్బు. విశ్వాసం తక్కువై వచ్చింది కాదు, పాపం వల్ల కాదు, ఎవరి దిష్టీ కాదు. మీ ఊరి ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎమ్‌కు చెప్పండి. పీహెచ్‌సీలో డాక్టరుకు చూపించుకోండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలిమానస్ వాళ్లు ఏ వేళలోనైనా మాట్లాడతారు, డబ్బులేమీ అక్కర్లేదు, తెలుగులో చెప్పుకోవచ్చు. చనిపోవాలనో, బిడ్డకు ఏదైనా చేయాలనో ఆలోచన వస్తే ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లోవాళ్లు ఆమెను ఒంటరిగా వదలకండి. డాక్టరు మందు రాస్తే వేసుకోండి, పాలిస్తున్నానని చెప్పి అడిగితే దానికి తగ్గట్టే రాస్తారు. ప్రార్థన చేయించుకోండి, మందు ఆపకండి. చావు కోరుకున్న ఏలీయాకు దేవుడు పంపిన రొట్టె, నీళ్లు లాంటివే ఇవీ.

మధ్యలో ఆగిపోతే

పది రోజులు పుస్తకం తెరవలేదనుకోండి. టీకా వేయించారు, జ్వరం వచ్చింది, చుట్టాలు వచ్చారు. మళ్లీ మొదటినుంచి వద్దు, పోయిన రోజులవి కలిపి చదవడమూ వద్దు. ఎక్కడ ఆపారో అక్కడే తెరవండి, ఈరోజుది మాత్రమే చదవండి. పేజీలో ఒక దారప్పోగు పెట్టుకుంటే చోటు వెతుక్కోనక్కర్లేదు.

బిడ్డ పాకడం మొదలుపెట్టాక పాలవేళలు తగ్గుతాయి, మీ పాత పద్ధతి చెడిపోతుంది. అప్పుడు చదువును పగటి నిద్ర వేళకు మార్చండి. కాగితాలు చింపే వయసులో మీ బైబిల్ అందకుండా పైన పెట్టి, దానికి అట్ట బొమ్మల పుస్తకం ఒకటి ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకోండి. మాటలు వస్తున్నప్పుడు 121వ కీర్తనను ఒక్కో ముక్క చెప్పి పలికించండి. తిమోతి విశ్వాసం ముందు అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉండేదని పౌలు రాశాడు, కాబట్టి ఆ పలికించే పనిలో సగం నాయనమ్మకో అమ్మమ్మకో ఇవ్వండి. ఆ పావుగంట మీరు రూతులో రెండో అధ్యాయం చదువుకోండి.